జమ్ములమ్మ చేని ఆడకుక్క

1347 ఫసలీ వానాకాలంలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1938లో, నన్ను వనపర్తి నుంచి గద్వాల పశువుల దవాఖానకు సలోత్రిగా మార్చారు. సలోత్రి అంటే ఈ కాలం వాళ్లకు తెలియదు. నిజాం రాజ్యంలో గొడ్ల డాక్టరుకు అదే పేరు. పైన ఇన్‌స్పెక్టరు, కింద ఒక జవాను, మధ్యలో నేను. మనుషుల డాక్టరు ఊరికి వస్తే కుర్చీ వేసేవారు, సలోత్రి వస్తే కొట్టం చూపించేవారు. మాది పెద్దమందడి పక్కనే చిన్న పల్లె కాబట్టి ఆ మర్యాద నాకు కొత్త కాదు, అయినా ప్రతిసారీ ఒళ్లు మండేది.

మా పనంతా ఎద్దులు, ఆవులు, గొర్రెలు. వానలు మొదలైతే గొంతువాపు, వెనకాలే గాలికుంటు. కుక్క మా లెక్కలోకి వచ్చేది కాదు. ఎద్దు దున్నితే సర్కారుకు శిస్తు వస్తుంది, కుక్క మొరిగితే ఏం వస్తుంది? దొరల వేటకుక్కలను పక్కన పెడితే, కుక్క కోసం సలోత్రిని పిలిచేది దానికి పిచ్చెక్కినప్పుడే. అప్పటికి వైద్యం చేయడానికి ఏమీ మిగలదు. అయినా ఇప్పటికీ మా వీధిలో ఎవరు కుక్కపిల్లను తెచ్చుకోవాలన్నా, మగదా ఆడదా ఏది మంచిదని నన్నే అడుగుతారు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న ముసలాడికి ఇంకేం పని అనుకుంటారు కాబోలు. అడిగినప్పుడల్లా నాకు మానవపాడు జమ్ములమ్మ గుర్తొస్తుంది.

ఆ వానాకాలం దవాఖాన గడ్డి కొట్టంలో ఒక ఊరకుక్క ఈనింది. జవాను ఖాసిం మెత్తని మనిషి, తన జొన్నరొట్టెలో సగం దానికే పెట్టేవాడు. పిల్లలను ఒక్కొక్కదాన్నే ఎవరెవరో తీసుకుపోగా రెండు మిగిలాయి, ఒకటి మగది, ఒకటి ఆడది. దవాఖాన పక్క సందంతా చీరలు నేసే మగ్గాలు. ఆ సందులో ఉండే నారాయణ మగపిల్ల తనకు కావాలని ముందే చెప్పిపెట్టాడు. ఆడదాన్ని ఊరికే ఇస్తామన్నా వద్దన్నాడు.

“ఆడకుక్కయితే సక్కగ వోయి మగ్గం గుంతలనే ఈనుతది సారూ. పిల్లలు పడుగు కిందికి జొరవడితే పట్టంత ఆగమైతది,” అన్నాడు.

నేతగాళ్లు గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తారు. చల్లగా, చీకటిగా ఉండే ఆ గుంత కన్నా ఈనబోయే కుక్కకు మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? ఆయన మాటలో తప్పేమీ లేదు.

జమ్ములమ్మ వచ్చింది అప్పుడే. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన మొహం, గట్టి గొంతు. ఆమె పుట్టిల్లు గద్వాలే. భర్త పోయాక తమ్ముడు దున్నుకోవడానికి ఎద్దునిచ్చాడు గానీ నీడ ఇవ్వలేదు. ఆ ఎద్దును మానవపాడుకు తోలుకుపోతూ, దాని మెడ మీద కాడి రాసుకున్న పుండు చూపించడానికి దవాఖాన ముందు ఆగింది. నేను పుండు కడిగి మందు రాస్తుంటే తన సంగతి చెప్పుకొచ్చింది. పిల్లలు లేరు. మరిది, బీచుపల్లి అనేవాడు, ఉమ్మడి ఇంట్లో ఉండనివ్వలేదు. చేను ఒక్క ఏడు దున్నక పడావు పడినా, శిస్తు తప్పినా, పట్టా తన పేరు మీదికి మార్పించుకుందామని కాచుకుని ఉన్నాడు. అందుకని ఆమె చేన్లోనే గుడిసె వేసుకుంది. వేసింది వేరుశనగ, మా వైపు బుడ్డలంటారు. కాయ ఊరగానే అడవిపందులు దిగుతాయి. పందులు రాని రోజున ఎవరి గొడ్లో దిగుతాయి. ఆ గొడ్లు ఎవరివో ఆమెకు తెలుసు, అడిగే బలం లేదు.

గడ్డి కొట్టం ముందు ఆడుతున్న రెండు పిల్లలనూ ఆమె చాలాసేపు చూసింది. అరుగు మీద కూర్చున్నవాళ్లంతా ఒక్క నోటితో మగదాన్నే తీసుకోమన్నారు. ఆడదాన్ని పెంచితే ఊరి కుక్కలన్నిటికీ గంజి పోయాలని ఒకరు, ఏడాదికి ఇన్నేసి పిల్లలను ఎక్కడ పారేస్తావని ఇంకొకరు. ఆమె వాళ్ల మొహాలు చూడలేదు.

“సారూ, ఈ రెండిట్ల నన్నిడిసి పోనిది ఏది?” అని నన్ను అడిగింది.

మా విద్యలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మగకుక్క చూడటానికి భారీగా ఉంటుంది, పరాయివాడు జంకుతాడు. కానీ దాని కాపలా చేని గట్టు దగ్గర ఆగదు, ఊరంతా తనదే అనుకుంటుంది. చిత్తకార్తె వచ్చిందంటే తిండి మరిచి తిరిగి, కొట్లాడి, చెవులు చింపుకుని ఎప్పుడో ఇల్లు చేరుతుంది. ఆడకుక్క ఉన్నచోటునే పట్టుకుని ఉంటుంది, ఆకు కదిలినా లేస్తుంది. దానితో చిక్కల్లా ఒక్కటే. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎదకు వస్తుంది, వస్తే మూడు వారాల దాకా ఉంటుంది. అన్నాళ్లూ గట్టి తలుపు వెనక పెట్టి కాయాలి. నీ గుడిసెకు తలుపుందా అని అడిగాను. తడికె ఉందంది. తడికె పనికిరాదు, చెక్క తలుపు పెట్టించుకోవాలన్నాను.

“చేపిస్త సారూ. మగది నాకొద్దు. పొయ్యేటోళ్లను సూసిన, ఇగ సాలు,” అంది.

ఆడపిల్లను చెంగులో కట్టుకుని ఎద్దు వెంట నడిచిపోయింది. ఆ సాయంత్రమే నారాయణ మగపిల్లను తీసుకుపోయాడు. ఖాసిం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

సలోత్రి నెలలో సగం రోజులు దౌరాలో ఉండాలి, అంటే ఊళ్లు తిరగాలి. మరుసటి ఎండాకాలం మానవపాడు వైపు పోయినప్పుడు ఆ చేను చూశాను. గుడిసెకు తుమ్మచెక్క తలుపు వచ్చింది. లచ్చి అని పేరు పెట్టుకున్న ఆ కుక్క గట్టు మీద నిలబడి నన్నూ నా జవానునూ లోపలికి రానివ్వలేదు. జమ్ములమ్మ నవ్వుతూ వచ్చి దాన్ని పట్టుకుంది. పంట చేతికొచ్చిందనీ, శిస్తు కట్టేశాననీ చెప్పింది. “మా మరిది మొకం జూడాలె సారూ, సుట్ట ఆరిపోయినోని లెక్క వెట్టిండు,” అని మళ్లీ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

1349 ఫసలీ మొదట్లో, అంటే 1939 అక్టోబరులో, చిత్తకార్తె నడుస్తుండగా, మానవపాడు పోలీసు పటేలు పంపిన మనిషి రైలు దిగి దవాఖానకు వచ్చాడు. పోలీసు పటేలంటే ఊరి తగవులూ చావులూ చూసే అధికారి. ఊళ్లో పిచ్చికుక్క లేచిందట, ఒక ఎద్దునూ దూడనూ కరిచిందట, జనం దాన్ని కొట్టి చంపారట. ఇప్పుడు ఇంకో కుక్కను చంపాలంటున్నారు, సలోత్రి వచ్చి తేల్చాలని కబురు. నేను వెంటనే బయల్దేరాను.

పిచ్చికుక్క కేసులో మా పద్ధతి ఇది. చచ్చిన కుక్క తల కోసి, మెదడు తీసి, మందులో వేసి పరీక్షకు పంపాలి. తర్వాత మనుషులెవరికైనా కాటు పడిందా అని ఊరందరినీ చేర్చి అడగాలి. పడితే వాళ్లను మనుషుల దవాఖానకు పంపాలి, ఆ పైన వాళ్ల సంగతి మాది కాదు. ఆ తర్వాతే పశువులను చూడాలి. కాటు పడిన పశువును కట్టేసి కాపలా పెట్టాలి, కాటు పడినది కుక్కయితే చంపించాలి.

మొదటి పనికే దిక్కు లేకపోయింది. మన జనం పిచ్చికుక్కను కొడితే తలే కొడతారు. నాకు ఏది కావాలో అదే పిండి చేసి, పైగా కట్టెలు పేర్చి కాల్చారు. చచ్చింది ఎవరి కుక్క అంటే, బీచుపల్లిది. పెద్ద మగకుక్క, దౌరాలో నేనూ చూసిందే. చంపాలంటున్నది ఏ కుక్కను అంటే, లచ్చిని.

ఎందుకో అర్థం కావాలంటే మా వైపు నమ్మకం ఒకటి తెలియాలి. చిత్తకార్తెలో జత దొరకని మగకుక్కకు ఆ వేడి తలకెక్కి పిచ్చి లేస్తుందని అప్పట్లో గట్టిగా నమ్మేవారు. అందుకే ఎదకొచ్చిన ఆడకుక్కను ఎవరూ కట్టేసేవారు కాదు, కట్టేస్తే ఊరికి కీడన్నట్టు చూసేవారు. జమ్ములమ్మ మాత్రం నా మాట విని లచ్చిని తలుపు వెనక పెట్టింది. ఊరి మగకుక్కలన్నీ వచ్చి గుడిసె చుట్టూ తిరిగాయి, ఒకదాన్నొకటి చీల్చుకున్నాయి. వాటిలో ఒకదానికి పిచ్చి బయటపడింది. ఇక చెప్పేదేముంది, పిచ్చి పుట్టించింది ఆ తలుపేనని ఊరు తీర్మానించేసింది.

నేను పోయేసరికి చేని గట్టు మీద కట్టెలు పట్టుకుని జనం ఉన్నారు. ముందు బీచుపల్లి.

“ఆ తలుపు మీరే వెట్టమన్నరంట గద సారూ! గట్ల బంద్ జేసి సతాయిస్తే మగకుక్కకు పిచ్చి లేవక ఏమైతది?” అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిచ్చి కాటుతో వస్తుంది తప్ప ఎదతో రాదని, నీ కుక్కను అంతకు ముందే ఏ నక్కో కరిచి ఉంటుందని గట్టిగా చెప్పాను. ఎవరూ వినలేదు. చివరికి పటేలు తనకు తోచిన తీర్పు ఒకటి చెప్పాడు. “పిచ్చికుక్క మనిషిని ముట్టకుంటే సలోత్రి సాబ్ చెప్పినట్టే చేద్దాం. మనిషికి పన్ను తగిలిందా, ఇగ అడిగేది లేదు, ఆడకుక్కను కొట్టి సంపుడే.”

ఆ తీర్పుకు తలాతోకా లేదు. కానీ కట్టెలు పట్టుకున్న జనం దానికి ఒప్పుకున్నారు, అదే చాలనుకున్నాను. పద్ధతి ప్రకారం అందరినీ అడిగాను. ఎవరికైనా కాటు పడితే చెప్పండి, రైలెక్కితే తుంగభద్ర అవతల కర్నూలే, రెండు వారాలు కడుపు మీద సూదులు వేస్తారు, ప్రాణానికి భయం లేదన్నాను. ఎవరూ పలకలేదు. జమ్ములమ్మను విడిగా పేరు పెట్టి కూడా అడిగాను. గుడిసె వాకిట్లో లచ్చిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది, కాళ్లు చీరలోకి ముడుచుకుని.

“నన్నేం ముట్టలేదు సారూ,” అంది.

లచ్చిని చూశాను. మెడ, చెవుల వెనక, తొడలు, తోక మొదలు, అనుమానం ఉన్న ప్రతిచోటా వెంట్రుకలు కత్తిరించి వేలితో తడిమాను. గీత కూడా లేదు. తుమ్మచెక్క తలుపు మీద బయటి వైపు మాత్రం గోళ్ల గుర్తులు నిండా ఉన్నాయి. ఈ కుక్కకు కాటు లేదు, చంపే అవసరం లేదు అని పటేలు ముందు చెప్పి, ఎద్దుకూ దూడకూ కాపలా పెట్టించి రైలెక్కాను. ఒక ఆడమనిషి కుక్కనూ చేనునూ కాపాడానన్న తృప్తి ఉండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

చలికాలం మధ్యలో మళ్లీ కబురు వచ్చింది. ఈసారి పటేలు పంపింది కాదు. జమ్ములమ్మ నన్ను రమ్మంటున్నదని, నీళ్లు చూస్తే భయపడుతున్నదని పక్క చేని ఆవిడ తన కొడుకుతో చెప్పించింది. ఆ మాట వినగానే అది పిచ్చికుక్క కాటేనని అర్థమైంది. నేను గొడ్ల డాక్టరును. మనుషుల డాక్టరైనా ఆ స్థితిలో చేసేదేమీ లేదు.

మధ్యాహ్నానికి చేరాను. గుడిసె తలుపు మూసి, జనం దూరంగా నిలబడ్డారు. లచ్చిని తాడుతో వేపచెట్టుకు కట్టారు. ఆమె కుక్కే ఆమెను కరిచిందని, ఆ రోజు సలోత్రి తప్పు చెప్పాడని ఊరంతా అంటున్నది. నేను లోపలికి పోయాను. గాలి తగిలినా ఆమె ఒళ్లు బిగుసుకుపోతున్నది, గొంతు పట్టేస్తున్నది. ఆ జబ్బు క్రూరత్వం ఏమిటంటే, మధ్య మధ్యలో మనిషికి తెలివి పూర్తిగా ఉంటుంది.

కాలు చాపి చీలమండ చూపించింది. మానిన మచ్చలు రెండు. తలుపు సందులోంచి కట్టెతో కుక్కలను అదిలిస్తుంటే బీచుపల్లి కుక్క పట్టి వదిలిందట. కారం, సున్నం పెట్టి కట్టుకుంది. నేను అడిగిన రోజున ఆ కట్టు చీర కింద ఉంది.

“ఎందుకు చెప్పలేదమ్మా, ఒక్క మాట!” అని అరిచాను. అరవకూడదని తెలుసు, ఆగలేకపోయాను.

“ఎట్ల చెప్పుదు సారూ? చెప్తే లచ్చిని సంపుతుండిరి. బుడ్డలు పీకే దినాలాయె. రెండు వారాలు కర్నూల్ల పంటే సేనెవరు కాస్తరు?” అంది. ఊపిరి కూడదీసుకుని, “మీరు జర బయటికి వోయి చెప్పుండ్రి, నన్ను కరిసింది లచ్చి గాదని. మీ మాటయితే ఇంటరు,” అంది.

నన్ను పిలిపించింది అందుకు. తన కోసం కాదు.

నేను బయటికి వచ్చి వేపచెట్టు దగ్గరికి పోయాను. చీపురుపుల్ల ఒకటి తీసుకుని, లచ్చి నోరు తెరిచి, పై కోరపళ్ల మధ్య ఎంత దూరం ఉందో అంతకు విరిచాను. పటేలును లోపలికి తీసుకుపోయి ఆ పుల్లను మచ్చల మధ్య పెట్టి చూపించాను. పుల్ల వేలి మందమంత తక్కువైంది. ఇది పెద్ద మగకుక్క నోరు, దీని నోరు కాదు అని బయటికొచ్చి అందరికీ వినబడేలా చెప్పాను. నీ కుక్క తల ఎంత ఉండేదో నువ్వే చెప్పమని బీచుపల్లిని అడిగాను.

“సచ్చిన కుక్కను ఇప్పుడేంది కొలిచేది సారూ,” అని తల పక్కకు తిప్పుకున్నాడు.

పటేలు లచ్చి తాడు విప్పించాడు. అది నేరుగా పోయి తలుపు దగ్గర పడుకుంది. జమ్ములమ్మ మరునాడు పోయింది. వేరుశనగ అప్పటికే పీకి, కుప్ప వేసి ఉంది.

చేను బీచుపల్లికే దక్కింది. పిల్లలు లేని మనిషి, అడ్డు చెప్పేవాళ్లు ఎవరున్నారు? మరుసటి ఏడు దౌరాలో ఆ దారిన పోతే, లచ్చి అదే గట్టు మీద నిలబడి మొరిగింది. బీచుపల్లి లోపలి నుంచి వచ్చి దాన్ని అదిలించాడు. ఊరికి తోలినా పోదని, పందిని ఒక్కదాన్ని రానివ్వదని, మంచి కుక్కేనని చెప్పాడు. నాతో ఉన్న ఖాసిం మొహం తిప్పుకుని, “దానికేం తెలుసు సాబ్, పట్టా ఎవరి పేర ఉన్నదో,” అన్నాడు. నేను అక్కడ నీళ్లు కూడా తాగకుండా బండెక్కాను.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒక్క మార్పు చేసుకున్నాను. మా పద్ధతిలో మనుషులను అడగడం ముందు, పశువును చూడటం తర్వాత. నేను దాన్ని తిరగేశాను. ముందు పశువును చూసి, దాని గురించి చెప్పాల్సింది చెప్పేసి, ఇక ఎవరేం చెప్పినా ఈ మాట మారదని పటేలుతో ఊరి ముందే అనిపించేవాణ్ణి. ఆ తర్వాత జనాన్ని పంపేసి, ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి కాళ్లూ చేతులూ చూపించమనేవాణ్ణి. నీకెందుకయ్యా మనుషుల సంగతి అని ఇన్‌స్పెక్టరు ఒకసారి కసురుకున్నాడు కూడా. తర్వాత నాగర్‌కర్నూల్‌లో ఒక ఇంట్లో అట్లా అడిగితే, అప్పటిదాకా కిక్కురుమనని ముసలాయన ఒకడు ధోవతి పైకెత్తి పిక్క చూపించాడు. చెప్తే దూడను చంపుతారని దాచానన్నాడు. ఆయన్ని ఆ పూటే సూదులకు పంపాను, బతికాడు. పెంచుకున్న జీవి ప్రాణానికి ముడిపెట్టి అడిగితే మనిషి తన ఒంటి మీది కాటును దాచుకుంటాడు. ఆ ముడి విప్పాకే అడగాలి.